ఊకె కూసున్నడు

నాంపల్లి కోర్టు గోడ పక్కన
ముప్పై ఏళ్ళుగా నా టేబుల్.
అప్పుడు టైపు మిషన్, ఇప్పుడు పాత లాప్‌టాప్,
గొడుగు మాత్రం అదే.

ఇన్నాళ్ళూ నా ఇంగ్లీషుకు ఎవరూ వంక పెట్టలేదు.
'డూ ది నీడ్‌ఫుల్' అని కొట్టాను, పనులు జరిగాయి.
'రిటర్న్ బ్యాక్' అన్నాను,
జప్తయిన ఆటో ఇంటికొచ్చింది.
'కజిన్ బ్రదర్' అన్నందుకు
ఏ బాబాయి కొడుకూ పరాయివాడు కాలేదు.

ఈ మధ్యే మృదుల అని కొత్త జూనియర్ లాయరు.
కోటుకింకా కొట్టు వాసన పోలేదు,
చేతిలో ఎర్ర పెన్ను.
"డిస్కస్ అబౌట్ తప్పు అంకుల్.
ఎక్స్‌పైర్ అయ్యేది మందు సీసా, మనిషి కాదు."
తలూపాను.
నా చేతి కింద ఎంతమంది ఎక్స్‌పైర్ అయ్యారో,
ఒక్కరి పింఛనూ ఆగలేదని మాత్రం చెప్పలేదు.

నిన్న చింతల్‌బస్తీ నుంచి సాయమ్మ వచ్చింది.
కొడుకును రాత్రి పట్టుకపోయిన్రట.
ఒంటిగంటకు, మూసిన షట్టర్ ముందు, మెట్టు మీద.
"ఏం చేస్తున్నడమ్మా అక్కడ?"
"ఏం జెయ్యలే సారూ. ఊకె కూసున్నడు."

హీ వాజ్ సింప్లీ సిట్టింగ్, అని కొట్టాను.

ఎర్ర పెన్ను సింప్లీ చుట్టూ సున్నా చుట్టింది.
"ఇక్కడిది కుదరదు. కేవలం అని వస్తుంది అర్థం."
"మరేం పెడదాం?"
ఐడిల్ అంది. తనే కొట్టేసింది,
పనిలేనివాడంటే సగం నేరం ఒప్పుకున్నట్టే.
వితౌట్ ఎనీ రీజన్ అంది,
కారణం లేకుండా అర్ధరాత్రి ఎందుకున్నాడని
మొదటి ప్రశ్నే అది.
రెస్టింగ్ అంటే సాయమ్మ ఒప్పుకోలేదు,
"వానికేం అలుపు? పొద్దంత పండుకునే ఉండె."

స్టాంపులమ్మే షరీఫ్ భాయ్ తలెత్తకుండానే,
"ఐసేచ్ బైఠా థా బోల్‌కే లిఖో" అన్నాడు.
అందరికీ అర్థమైంది, ఇంగ్లీషుకు తప్ప.

సగం కప్పు చాయ్ ముందు గంటలకు గంటలు
ఈ ఊరు చేసేది ఆ పనే,
ట్యాంక్‌బండ్ గట్టు మీద సాయంత్రమంతా ఆ పనే.
దానికొక మాట లేని భాషలో
బెయిలు అడుగుతున్నాం.

మృదుల తన ఎర్ర సున్నాను గోటితో గీకి చూసింది.
పోలేదు.
"ఇంకో ప్రింటు తీయండి."
"మార్చా?"
"మార్చకుండా."

మూడింటికి పిలుస్తారన్నారు.
సాయమ్మ నా టేబుల్ కాలికి ఆనుకుని కూర్చుంది.
అటు పోతున్న కానిస్టేబుల్ ఆగి
"ఏయ్, ఇక్కడేం పని?" అన్నాడు.
ఆమె నా వైపు ఒకసారి చూసి,
కొంగు సర్దుకుని,
"సింప్లీ సారూ" అంది.