కుట్టు లోపల వదిలిన గుడ్డ

మేనేజరు బల్ల మీద రెండు కాగితాలు పరిచినాడు.
ఒకటి పదేళ్లు, ఒకటి ఇరవై.
"పదేళ్లయితే వడ్డీ చానా మిగులుతుందమ్మా."
మంచి మాటే.
నేను మాత్రం రెండిటినీ వేలితో తడిమి చూసినా.
బైరాగిపట్టెడలో పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుట్టే చెయ్యి ఇది,
బిగుతు యాడ పడుతుందో ముందే తెలుస్తుంది.

ఆటోకి తెచ్చిన అప్పు తీర్చను ఇంకో అప్పు,
దానికి చీటీ పాడి,
చీటీ కంతుకి నా మిషను కుదవపెట్టి...
ఆ యేడు మా ఇంట్లో గడియారం అక్కర్లేకపోయింది.
ఆరుంబావుకి ఫైనాన్సు చెంగల్రాయుడి పల్సరు
సందు మలుపులో గేరు మార్చేది.
నేను చెప్పకముందే పాప లైటార్పేది.
ఏడేళ్లది.
ఎవరు నేర్పినారు దానికి?

కార్డోళ్లు చివరికి సగానికి ఒప్పుకున్నారు.
గజేంద్ర ఆ కాగితం జేబులో పెట్టుకోని
"సెటిలైపోయిందే" అని నవ్వినాడు, ఎన్నో నెలలకి.
మా వాళ్లలో ఆ మాటకి ఉద్యోగమని, పెళ్లని అర్థం.
బ్యాంకోళ్ల దస్త్రంలో అది మచ్చని
నాలుగేళ్ల తర్వాత తెలిసింది,
ఒక కుర్రోడు కంప్యూటరు మాకేసి తిప్పి చూపిస్తే.
మూడు బ్యాంకులు, మూడు గ్లాసుల నీళ్లు.
మాఫీ అయిందనుకున్న సగమూ కట్టి
బాకీ లేదని రాయించుకోని
మళ్లీ రెండేళ్లు ఊరకే కూర్చున్నాం,
మచ్చ వెలిసేదాకా.

"ఇరవయ్యే రాయండి సార్" అన్నా.
లెక్క రానిదాన్ని చూసినట్టు చూసినాడు.
"జాకెట్టు కొలత ఎంతుంటే అంతకే కత్తిరించం సార్,
లోపల అంగుళంన్నర వదుల్తాం.
పైకి కనపడదు.
మనిషి ఒళ్లు చేస్తే విప్పి వదులు చేసుకోవచ్చు.
గుడ్డే లేకపోతే
విప్పి ఏం లాభం?"

మారని వడ్డీ అయితే
ముందు కట్టినదానికి జరిమానా అన్నాడు.
మారేదే తీసుకున్నా.
ముందే కట్టాలని అప్పుడే మనసులో ఉండె.

శ్రావణంలో మగ్గం పని జాకెట్లు,
పెరటాసి శనివారాలు గజేంద్రకి కొండకి ఎడతెగని ట్రిప్పులు.
కంతు కట్టినాక ఏం మిగిల్తే అది,
ఏడువేల ఐదొందలు, మూడువేలు,
ఒకసారి ఎనిమిదొందలే.
కౌంటర్లో అమ్మాయి అడిగింది:
"ఎక్కువ కట్టినారు కదా,
కంతు తగ్గించాలా, కాలం తగ్గించాలా?"
ఇంకోసారి చెప్పమన్నా.
కాలాన్ని తగ్గించొచ్చని
అంతవరకూ నాకెవరూ చెప్పలే.

కొండ మీదాయన పెళ్లప్పు
ఇంకా వడ్డీ కిందే పోతా ఉండాదంటారు.
ఆయనకేం, వయసు లేదు.
నాకు నలభై మూడు.
అరవై మూడుకి సూదిలో దారం ఎక్కుతుందా?

రెండొందల నలభై వరసల కాగితం
మిషను పక్కన గోడకి వేలాడతా ఉంది.
పైనుంచి బ్యాంకు కొట్టేస్తుంది,
కిందనుంచి నేను కత్తిరిస్తా.
ఇప్పటికి ముప్పైయొక్క నెలలు.
ఆ ముక్కలు పారెయ్యలే,
బొత్తాల డబ్బాలో ఉండాయి.

మొన్న ఆషాఢంలో గజేంద్ర మోకాలు వాచి
నలభై రోజులు కారు తియ్యలే.
ఎక్కువ కట్టడం ఆపేసినా, అంతే.
లోపలి గుడ్డ కొంచెం వదిలినట్టు.
ఎవరికీ కనపడలే.

నిన్న సాయంత్రం
కొత్తింటి వీధిలో ఒక పల్సరు గేరు మార్చింది.
నా చెయ్యి ఆగింది.
పుస్తకంలోంచి పాప తలెత్తింది,
పదహారేళ్లది.
ఇద్దరం ఏం మాట్లాడుకోలే.
కొరియరంట, ఎదురింటికి.

ఆగిన చోట కుట్టు వంకర పోయింది.
విప్పలే.
లోపలి వైపే కదా.