మూడో గేరు

నా సంచీలో నలభై ఒక్క పేజీల ఫారం.
అందులో పదిహేడో ప్రశ్న నేను రాసిందే:
"మీ పని వల్ల వచ్చిన మార్పును అంకెల్లో చూపండి."
రాసిన రోజు బాగుందనిపించింది.

కార్డిఫ్ నుంచి వచ్చి రైలు దిగేసరికి వాన.
రోండా లోయలో వానకి రాకపోకలుండవు,
ఉండిపోతుంది, అంతే.
గనులు మూసేసిన కొండల మధ్య ఒకప్పటి ప్రార్థనామందిరం.
ఇప్పుడు లోపల ఒక బల్ల, రెండు హీటర్లు,
వాటిలో పనిచేసేది ఒకటి,
మేకుకి వేలాడే వ్యాను తాళాలు.
మా ఫారం నింపిన పెన్సిల్ ఇంకా బల్ల మీదే ఉంది,
కొరికి కొరికి పొట్టిదైపోయి.

"కూర్చునే టైం లేదు, బండెక్కండి,"
అంది ఎలీనెడ్ ప్రోబర్ట్.

డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు నలుగురు.
ముందు సీట్లో గెథిన్,
బొగ్గు తవ్విన చేతులు ఒళ్ళో పెట్టుకుని,
ఎవరివో ఇచ్చిపోతే కాపలా కాస్తున్నట్టు.
మూడో గేరు పడదు.
రెండు నుంచి నాలుక్కి దూకిస్తుందావిడ, పిల్లి గోడ దూకినట్టు.
ఎత్తెక్కేచోట బండి మూలిగితే
నలుగురూ ఒక్కసారే ముందుకి వంగుతారు,
తమ బరువుతో తోస్తున్నట్టు.

"మరి మేమిచ్చిన డబ్బు..." అన్నాను.
"అది యాప్ కోసమే వాడాలన్నారుగా," అంది
రోడ్డు మీంచి చూపు తీయకుండా.
"యాప్ బాగుంది.
గెథిన్‌కి ఫోను లేదు."
వెనక ఎవరో నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగాను.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు.
మేం అడగమన్నాం, నిజమే.
ఏ గడిలో, ఎన్ని మాటల్లో, ఏ తారీఖులోగా
అడగాలో కూడా మేమే చెప్పాం.
పదకొండేళ్ళుగా ఆవిడ అడిగింది
మాకు ఇవ్వాలనిపించిన వాటినే.

ఆసుపత్రి బయట, ఆపితే మళ్ళీ అందుకోదని
ఇంజను అలాగే ఉంచింది.
ఫారం తియ్యకుండా అడిగాను: "మీకేం కావాలి?"
చాలాసేపు వైపర్లే మాట్లాడాయి.
"నిద్ర," అంది.
అని, సిగ్గుపడి, "గేర్‌బాక్స్," అంది.
ఇంకాసేపటికి,
"శనివారాలు నడపడానికి ఇంకో మనిషి.
జీతానికి. పుణ్యానికి కాదు."

మా బోర్డు గది నాలుగో అంతస్తులో. లేతరంగు కార్పెట్.
అక్కడ నేనేమంత ధీరుణ్ణి కాను, గొంతు తడబడింది.
మూడేళ్ళకి, ఇందుకే అని రాయకుండా.
ఫారం వద్దు. మూణ్ణెల్లకో ఫోను, అదీ మనమే చెయ్యాలి.
"వృథా చేస్తే?" అన్నాడొకాయన.
చెడ్డవాడేం కాదు, నెమ్మదిగానే అడిగాడు.
"పదకొండేళ్ళ ఆవిడ రాత్రుళ్ళు మనం వృథా చేశాం,
దానికి లెక్క ఎవరడిగారు?"
ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది.

రెండో ఏడు ఫిబ్రవరిలో ఫోను నేను చెయ్యాలి.
ఆవిడే చేసింది.
మంచు పడ్డ పొద్దున కొత్త డ్రైవరు దారి తప్పాడట.
ఒక ముసలావిడకి డయాలసిస్ తప్పిపోయి
మూడు రోజులు ఆసుపత్రిలో ఉందట. బతికింది.
"తప్పు నాదే. దారి చూపించకుండా పంపాను."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.
అందుకే మా బీరువాల నిండా
చించుకోని కడుపులు, నున్నగా, బైండు చేసి:
లక్ష్యం నూటికి నూరు శాతం.
అన్నిటి మీదా నా సంతకం.

ఏమనాలో తోచక, "రానా?" అన్నాను.
"రండి," అంది. "గెథిన్ సీటు ఖాళీగానే ఉంది."

ఎప్పటి వానే.
ఎత్తు దగ్గర ఆవిడ గేరు మార్చింది,
మూడోది, చప్పుడు లేకుండా పడింది.
అయినా అలవాటుకొద్దీ
అందరూ ముందుకి వంగారు.
నేనూ.