తీపు

షెపర్టన్‌లో ఇంకా తెల్లారదు.
క్యాంటీన్ కుర్చీలు గోడవారకి తోసి
తొమ్మిది నీలం చాపలు పరుస్తుంది మార్నీ.
మంగళ, గురువారాలు, అయిదున్నరకి.
పన్నెండు వారాలు. జీతం కొయ్యరు,
రాకపోతే మాత్రం రాసుకుంటారు.

మొదటిరోజు ఒక కాగితం ఇచ్చింది.
దీవెనమ్మ అని రాస్తే దీనా అని చదివింది.
సున్నా నుంచి పది దాకా ఒక గీత.
నీ నొప్పి ఎంతో ఆ అంకె చుట్టూ సున్న చుట్టు, అంది.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
ఎంతో ఎలా చెప్పను?
ఎలాంటిదో అడిగితే చెప్పేదాన్ని:
మంచం దిగేటప్పుడు కలుక్కు,
పదిగంటలకి సలుపు,
ట్రే ఎత్తితే మడమదాకా జివ్వు,
రాత్రికి తీపు.

తీపంటే ఏంటి, అంది పక్క చాప మీది లోసా.
లాగుతూనే ఉండే నొప్పి, అన్నాను,
పంచదార రుచికి కూడా మాకు అదే మాట.
ఆమె పడీపడీ నవ్వింది, నవ్వి నడుం పట్టుకుంది.
పదకొండేళ్ళుగా ఇద్దరం
పీచ్ ముక్కల మీద పాకం పడే చోట
ఎదురెదురుగా నిలబడుతున్నాం,
ఇంకెవరికి అర్థమవుతుంది.
ఏడు చుట్టాను.

"పిల్లిలా, వీపు పైకి," అంటుంది మార్నీ.
"ఇప్పుడు కిందికి. ఊపిరి వదలండి."
ఫోర్క్‌లిఫ్ట్ నడిపే బెసిమ్, మనవలున్నవాడు,
నాలుగు కాళ్ళ మీద ఉన్నంతసేపూ
ఎవరి మొహమూ చూడడు.
తరవాత వెల్లకిలా, మోకాళ్ళు ముడిచి నడుం లేపాలి.
వంతెనట దాని పేరు.
పది లెక్కపెట్టాలి. తెలుగులో పెడతాను.
ఆరు దగ్గర తొడలు వణుకుతాయి,
తొమ్మిది ఎప్పుడూ రెండుసార్లు వస్తుంది.

నడుం కట్టడమంటే పూనుకోవడమని,
నడుం వాల్చడమంటే కాసేపు పడుకోవడమని
ఇన్నాళ్ళూ మాటలే తెలుసు.
నడుమంటే నడుమేనని ఇక్కడ తెలిసింది.
అయిదు ఎముకలు, మధ్యన మెత్తలు,
లోపల నేనెన్నడూ పిలవని కండ ఒకటి
నిద్రకళ్ళతో లేచి
ఏంటమ్మా, అన్నట్టు.

ఆరోవారం బెసిమ్ రాలేదు.
అయినా అతని చాప పరిచే ఉంచింది.
పియర్లు దిగాయి. పియర్లతోపాటు
బెల్టు జోరు పెంచారు. కొంచెమే, అన్నాడు సూపర్‌వైజర్.
పదికి ఎంత, అని అడగబోయి ఊరుకున్నాను.
గురువారం మార్నీనడిగాను,
బెల్టు సంగతి కూడా రాస్తావా కాగితం మీద?
పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.
అడుగున, గడులు లేనిచోట రాసింది.
ఎవరు చదువుతారో తెలీదు, అంది.

తొమ్మిదోవారం ఒకటి జరిగింది, చిన్నదే.
స్నానాలగదిలో సబ్బు జారితే తీసుకున్నాను.
ఒళ్ళు రుద్దుకుంటుంటే అప్పుడు తట్టింది
వంగానని.

చివరిరోజు మళ్ళీ అదే కాగితం.
నేను నాలుగు చుట్టి, దిద్ది, అయిదు చేశాను.
నాలుగంటే దిష్టి తగులుతుందేమోనని.
లోసా మొదటా ఎనిమిదే, ఇప్పుడూ ఎనిమిదే.
"కానీ ఇప్పుడు దాంతో మాట్లాడగలను," అంది.

చాపలు చుట్టడానికి వంగింది మార్నీ.
బెండిగో నుంచి గంటన్నర నడుపుకొస్తుంది, చీకట్లో.
లేవబోతూ కుర్చీ పట్టుకుంది.
రెండో చెయ్యి వెనక్కి పోయింది.
ఎక్కడికి పోయిందో
మా ఎనిమిదిమందికీ తెలుసు.
ఎవరం ఏమీ అనలేదు.
జైనబ్ వెళ్ళి బెసిమ్ చాప విప్పి పరిచింది.
సైరన్‌కి ఇంకా పదకొండు నిమిషాలుంది.
"పిల్లిలా," అంది లోసా,
"వీపు పైకి."