ఇరవై ఎనిమిదో రోజు

గుంతకల్లు లోకోషెడ్డు ఎనక మా రేకుల కొట్టం.
హుబ్లీ ప్యాసింజరు కూతేసేటప్పటికి
దూలానికి తూకం ముల్లు తగిలించేసుంటాను.
గోతంసంచిలో ఒక్కో పిల్లనూ వేసి కొక్కేనికి ఏలాడదీస్తే
ముల్లు పిచ్చెక్కినట్టు ఊగి ఊగి
ఆరున్నర కాడ నిలబడతాది.
గోడ మీద బొగ్గుతో రాస్తాను.
మా మామ కదిరెప్ప నవ్వుతాడు:
"పంది తూగేది సంతలో మ్మే, నీ గోడ మీద కాదు."

పశువుల డాక్టరమ్మ చెప్పిపోయింది,
ఇరవై ఎనిమిదో రోజు పాలు మాన్పించమని.
తల్లి బిరీన ఎదకొస్తాదంట,
ఏడాదికి రెండు ఈతలు దాటతాయంట.
మా అత్త ఓబులక్కది ఇంకో లెక్క:
రెండు నెలలు.
తల్లే ఇసుక్కుని తన్నేదాకా.
ఇద్దరి మాటా విన్నాను.
మూడు ఈతలు డాక్టరమ్మకు, ఒక ఈత అత్తకు.

విడిపించినవి ముప్పై.
ఎనిమిదింటిని చిన్న గదిలో,
ఇరవై రెండింటిని పెద్ద గదిలో తోలినాను.
చోటు లేక. నా తెలివేం కాదు.

ఎనిమిదీ ఒక్క పూటలో తేల్చుకున్నాయి
ఎవరు ముందో, ఎవరు ఎనకో.
చెవులు కొరుక్కున్నాయి, మూతులు తోసుకున్నాయి,
రేత్రికి ఒకదాని కడుపు మీద ఒకటి తల పెట్టుకున్నాయి.
ఇరవై రెండుకు మూడు రోజులైనా తేలలేదు.
స్టేషన్ హోటళ్ల కుడితి ఎంత పోసినా
తొట్టి చుట్టూ పదకొండుకే చోటు.
తోక తెగినదొకటి
గోడ పక్కన నిలబడి
తిన్నవాటి మూతులు నాకుతాది.
నాలుగో రోజు దాని ముల్లు ఎనక్కి జరిగింది.
రాసిన అంకెను కొంగుతో తుడిచి
మళ్లా అదే రాసినాను.

అవతల నల్లచుక్కల తల్లి
గంటగంటకూ గోడకు ఒరిగి పండుకుని
ఊఁ ఊఁ అని పిలుస్తాది.
ఇవతల తొట్టి కాడ మూతులు ఆగిపోతాయి.

ఇంటికొస్తే
రెండున్నరేండ్ల నా కొడుకు
రైక కాడికే దారి చూస్తాడు.
అత్త వేపాకు నూరి పెట్టి మూడు దినాలైంది,
ముద్ద గిన్నెలోనే ఎండతా ఉంది.
"పందికైతే లెక్క చెప్తావు" అంటాడు మామ.
లెక్క నాకూ తెలుసు.
వీడొక్కడే, తొట్టి కాడ తోసేవాళ్లు లేరు.
అంగన్‌వాడీకి పోతే నలభై మంది.
తోక తెగినట్టు వీడూ గోడ పక్కన నిలబడతాడేమో,
కంచం పట్టుకుని.
అని మామతో అనలేదు.

మాపటేళ
తోక తెగినదాన్ని చంకనేసుకుని
తల్లి గదిలో దింపినాను.
పాలు ఇంకా ఉన్నాయో, ఎండినాయో.
అది వరసంతా వాసన చూసుకుంటా పోయి
తన పాత చన్ను కాడే ఆగింది.
గోడ మీద దీన్ని ఎవరి లెక్కలో రాయాల్నో తెలీక
బొగ్గు చేతిలోనే పట్టుకున్నాను.
చెయ్యంతా నలుపు.