రెండు గ్లాసుల నీళ్ళు

బేగంబజార్‌ల తూకానికి కొన్న ఇసబ్గోల్ పొట్టు,
పావుకిలో, పాత పేపర్ పొట్లంల.
వడ్రంగి రంద కింద రాలిన పొట్టు లెక్క తేలిక.
జర గట్టిగ ఊపిరి వదిలితే ఎగిరిపోతది.
దీన్ని నమ్ముకొని
డెబ్బై తొమ్మిది కిలోల నేను
పొద్దుగాల నాలుగున్నరకు
స్టీలు గ్లాసు ముందు నిలబడ్డ.

చెంచాతోని తిప్పాలె, తిప్పంగనే తాగాలె.
ఖాకీ కోటు గుండీలు పెట్టుకొని వచ్చేసరికి
(నడుము కాడి గుండీకి ఆర్నెల్ల సంది కాజా అందుతలేదు)
గ్లాసుల నీళ్ళు నీళ్ళు కావు,
జలుబు చేసిన పిల్లగాని ముక్కు.
కండ్లు మూసుకొని మింగిన.

బస్తీ దవాఖానల డాక్టర్ నౌషీన్
చీటీ వెనుక బొమ్మ గీసి చెప్పింది:
"ఇది కడుపుల ఉబ్బి గేటు కాడ నిలబడ్తది.
చక్కెరను ఒక్కసారే తోసుకురానియ్యదు,
నిదానంగ లోపలికి పంపుతది."
ఇగ నాకు వేరే చెప్పనక్కర లేదు.
ఫుట్‌బోర్డు మీద నేను చేసే పనే గదా అది,
లోపలికి జరుగుండ్రి, జరుగుండ్రి, అనుకుంట.

"మాయ మందు కాదు, అండాలు.
అన్నం కుప్ప తగ్గించు. నడువు.
దీనికి నీళ్ళు గావాలె, మస్తు నీళ్ళు.
లేకుంటే నీ మీదికే తిరుగుతది."

డ్యూటీ ఎక్కితే నీళ్ళు ముట్టక
పదకొండేండ్లాయె, ఆమెకేం ఎరుక.
ఉప్పల్ నుంచి మెహిదీపట్నం, మళ్ళ ఉప్పల్.
ఈ కొసకున్న దానికి తలుపు లేదు,
ఆ కొసకున్న దానికి తాళం ఉన్నది,
తాళంచెవి ఎవరి జేబుల ఉన్నదో ఎవరికీ తెల్వదు.
మగోళ్ళకు ఊరంత గోడలే.
నాకు సీసా మూత గట్టిగ బిగించుడే లెక్క.

మొదటి వారం పొట్టు తాగి నీళ్ళు తాగలే.
కడుపుల కంకర పోసినట్టు.
రెండో వారం పంతం వచ్చి
సీసా సగం ఖాళీ చేసిన.

లక్డీకాపూల్ కాడ వాన, జాం.
నా ముఖం ఎట్లున్నదో నాకు తెల్వదు.
"యాకూబ్ భాయ్, ఆపు" అన్న.
అద్దంల ఒక్కసారి చూసిండు. ఏమని అడగలే.
టికెట్ మిషన్ ముందు సీట్ల నర్సింగ్ పిల్ల చేతిల పెట్టి,
పైసల సంచి చంకల ఇరికించుకొని
మెట్రో స్టేషన్ మెట్లెక్కి ఉరికిన.

ఆరు నిమిషాలు.
బస్సు అక్కడ్నే ఉన్నది, అందరూ ఉన్నరు.
ఫైలు పట్టుకున్న ఒకాయన గడియారం చూసుకుంటుండు,
కానీ నోరు తెరవలే.
ఒక ముసలమ్మ సీటు అంచుకు జరిగి
"కూసో బిడ్డా, తడిసినవ్" అన్నది.
నర్సింగ్ పిల్ల పదకొండు జీరో టికెట్లు కొట్టింది,
అండ్ల ఒకటి మీసాలాయనకు.
ఆయన గూడ గమ్మున జేబుల వేసుకున్నడు!

అప్పటి సంది ప్రతి రెండో ట్రిప్పుకు
యాకూబ్ భాయ్ ఇంజన్ బంద్ చేస్తడు.
"టైరు చూసొస్త" అని దిగి
ముందు టైరును రెండు తన్నులు తన్ని
సిగరెట్ లేకుండనే నిలబడ్తడు
నేను తిరిగొచ్చేదాంక.

మూడు నెలల షుగర్ పరీక్ష,
ఆరు పాయింట్ నాలుగు ఉండె,
ఆరు పాయింట్ ఒకటి అయింది.
బరువు కిలోన్నర తగ్గింది.
డిపోల బాలమణి నవ్వింది:
"గింతేనా? సాయంత్రం నీ చిల్లర సంచి అంత గూడ లేదు."
నిజమే. కాజా ఇంకా అందలే.
గుండీకి, దానికి నడుమ
నిన్నటిదాంక రెండు వేళ్ళు పట్టేటివి,
ఇయ్యాల ఒకటిన్నర.

సప్పుడు చేయకుండ సీసా మూత తిప్పిన.
నిండు బస్సుల, అందరు చూస్తుండంగ
గటగట తాగిన.
యాకూబ్ భాయ్ అద్దంల చూసి
బస్సును జర ఎడమకు తీసిండు.
ఆ ముందు టైరుకు గాలి
ఎప్పుడూ నిండుగనే ఉంటది.