తుప్పు పని

తాల్కావానో రేవులో చేపపొడి మిల్లు కంపు
కిటికీ మూసినా లోపలికొస్తుంది.
తెర మీద మాత్రం ఏ వాసనా లేదు.
ఐదువందల పన్నెండు చుక్కల వెడల్పు, అంతే ఎత్తు,
ఖాళీ బూడిద రంగు.

రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు...
గేమ్ ఇంజనుకు రెట్టింపుల లెక్క ఒక్కటే వచ్చు.
నిండు ఐదువందలు ఇస్తానంటే ఒప్పుకోదు,
పన్నెండు కొసరు వేయాల్సిందే.

ముందు నలుసులు చల్లుతాను
గుప్పెడు ఇసుక విసిరినట్టు.
వాటిని నిలువుగా మసక లాగుతాను
వాన కారినట్టు.
పైన ఇటుక రంగు పొర ఒకటి,
దాన్ని మల్టిప్లై చేసి కాంట్రాస్టు బిగిస్తే
పావుగంటలో ముప్పై ఏళ్ళ తుప్పు.

మునిగిన ఓడ గురించి ఆట చేస్తున్నారు
కోన్సెప్సియోన్‌లో ముగ్గురు కుర్రాళ్ళు.
పలకకింత అని ఇస్తారు,
ఇచ్చినప్పుడు.

కింది వాటా డోన్ అనక్లేతో
అరువు తీసుకున్న నిచ్చెన ఇవ్వడానికొచ్చి
నా కుర్చీ వెనక ఆగిపోయాడు.
"నలభై ఒక్క ఏళ్ళు డ్రై డాక్‌లో దీన్ని గీకాను.
నీకు పూసినందుకు డబ్బులిస్తారా?"
ఇస్తారన్నాను.
నవ్వాడు, నవ్వు దగ్గయింది,
దగ్గు తగ్గాక కళ్ళజోడు నుదుటి మీదికెత్తి
"ఇది తుప్పు కాదమ్మా, ఎవరో కాఫీ ఒలకబోశారు."

తుప్పు పైనుంచి పడదట.
రివెట్టు మెడ దగ్గర మొదలవుతుంది,
రంగు కింద ఎవరికీ చెప్పకుండా బొబ్బలా లేస్తుంది,
బొబ్బ చిట్లాకే కారుతుంది,
కారితే కిందికే.
"కొత్తది గుమ్మడికాయ, పాతది మేక కాలేయం.
నువ్వేమో రెంటినీ కలిపి ఉడకబెట్టావు."

పెన్ను తీసుకున్నాడు.
చలికాలాలు తినేసిన వేళ్ళు, వణుకుతున్నాయి.
ఎడమవైపు రివెట్టు కింద ఒక బొబ్బ వేశాడు,
దాని నుంచి వంకర చార ఒకటి,
మధ్యలో కాస్త ఆగి, మనసు మార్చుకున్నట్టు, మళ్ళీ కిందికి.
ఆ పలకలో నిజమైనది అదొక్కటే.

ఆయన వెళ్ళాక అంచుల పని.
బొమ్మను సగానికి జరిపితే
నాలుగు అంచులూ నడిమధ్యకొచ్చి కొట్టుకుంటాయి,
శిలువలాంటి అతుకు.
గోడలకు చెవులుంటాయంటారు గానీ
నన్ను నిద్రపోనివ్వనివి అంచులే.
క్లోన్ స్టాంపుతో ఇక్కడి చర్మం తీసి అక్కడ అంటించి
రాత్రి ఒంటిగంటకు ఓడ గోడంతా పరిచి చూశాను.

పదహారు పలకలు.
పదహారు బొబ్బలు.
ఒకే వంకర, ఒకే చోట ఆగడం, ఒకేలా మనసు మార్చుకోవడం,
వరసకట్టి కవాతు చేస్తున్నాయి.

ఈ పనిలో నియమం ఒకటే.
కంటికి గుర్తుండేది ఏదైనా సరే, తీసేయాలి.
తీసేశాను.
చుట్టూ ఉన్న మామూలుతనాన్ని దాని మీద రుద్దాను.
ఫైలు పంపాను. బాగుంది అన్నారు,
బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి.

మర్నాడు సాయంత్రం వేడి రొట్టె పట్టుకుని వచ్చాడు.
తెర దగ్గరికి వంగి ఎడమవైపు వెతికాడు,
కుడివైపు కూడా.
"నాదేదీ?"

అంచుల గురించి చెప్పాను, పదహారు గురించి చెప్పాను,
అవసరమైన దానికన్నా ఎక్కువే చెప్పాను.
రొట్టె విరుస్తూ విన్నాడు.
"గీకేశావన్నమాట," అన్నాడు,
"పనిమంతురాలివే."

టీ చల్లారింది. కిటికీ తెరిచాను, కంపు ఎలాగూ ఉంది.
"ఆ ఓడ కింద సముద్రం ఉంటుందిగా,
అదీ ఇలా పలకలేనా?"
అదీ ఐదువందల పన్నెండే అన్నాను.

ఆయన రొట్టె పక్కన పెట్టి
రేవు అవతలి నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు
చాలాసేపు,
కళ్ళు చిట్లించి,
అతుకు ఎక్కడుందో దొరకబుచ్చుకోవాలన్నట్టు.