పచ్చిగాయం వాసన

అల్ అహ్సా తోటల పొద్దు పొడవకముందే
బకెట్లు నింపుడు నా పని.
పోయినేటి ఖర్జూరాలు నాలుగు పిడికిళ్లు,
సగం దాకా నీళ్లు, మూతకింద మందు పొట్లం.
మూడోనాటికి నురగ కడుతది.
మూత తీసినప్పుడల్లా
మా నాయిన లొట్టి దించినట్టే ఉంటది.

ఎర్రముక్కు పురుగు ఈ వాసనకే వస్తది.
మట్ట నరికిన చోట చెట్టు ఊపిరి విడిస్తే
ఎన్ని తోటల అవతలున్నా
గాలికి ఎదురీదుకుంట వస్తది.
ముందొచ్చింది మిగతావాటిని పిలుస్తది.
గాయంల గుడ్లు.
పిల్లలు లోపల్నుంచి తింటనే ఉంటయి,
చెట్టు బయటికి పచ్చగనే ఉంటది.

అందుకే ఇక్కడ మట్ట కోసినంక
కోతమీద మందు కలిపిన మట్టి మెత్తాలె.
చెట్టుకు దెబ్బ తాకిన ముచ్చట
గాలికి తెలువనియ్యద్దు.
ఆడ నాకు చెయ్యి ఆగుతది.
మూడు తరాలు మేం చెట్టు గాయం మీదనే బతికినం.
పొద్దుగాలోసారి మాపటికోసారి గీసి
కోత ఆరనియ్యకపోవుడే మా విద్య.

ఇద్రీస్ మేస్త్రీ, సుడాన్ మనిషి.
మొన్న ఏడో వరుసల ఒక చెట్టుకాడ ఆగి
"ఇది పోయింది" అన్న.
మట్టలు చూసిండు, మొదలు తట్టిండు, నవ్విండు.
నేను ముక్కు చూపించిన.
పులిసిన కల్లుకు అడుగున ఇంకో వాసన ఉంటది,
మురిగిన బెల్లం లెక్క.
ఎన్నడూ లొట్టి కడగనోనికి అది తెల్వదు.
మిషిన్‌తోని కోస్తే
బొటనవేలంత తెల్లపురుగులు, చెట్టంత పొట్టు.
ఆనాటినుంచి చెట్టుచెట్టుకు తిప్పుతడు నన్ను,
మనిషిని కాదు,
ఒక ముక్కును తోలుకపోయినట్టు.

నిన్న మాపు వ్యాను చెక్‌పోస్టుల ఆగింది.
పోలీసు నా మీదికి వంగి గాలి పీల్చి
"ఏం తాగినవ్?" అన్నడు.
కాళ్లకాడి బకెట్ చూపించిన. మూత తీసిండు.
పదమూడు పురుగులు.
ఒకటి ఇంకా ఈదుతాంది.
మూత తానే పెట్టి, చెయ్యి ప్యాంటుకు తుడుసుకొని
పొమ్మన్నడు.

రూముల మూడుసార్లు సబ్బు పెట్టిన.
పోలే.
లైటు ఆర్పినంక
పై మంచం మీది కోరుట్ల బక్కన్న కిందికి దిగిండు.
శానాసేపు ఏమనలే.
"అన్నా, ఒక్కసారి చెయ్యి ఇటియ్యి" అన్నడు.
ఇచ్చిన.
అవతలి మంచం కూడ కిర్రుమన్నది.